రెండు ఆఫర్లు చేతికొచ్చినప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

ఇంజినీరింగ్ పూర్తయ్యాక ఒక్క ఉద్యోగం దొరికితే చాలనుకునే రోజులివి. అలాంటప్పుడు రెండు ఆఫర్లు ఒకేసారి వస్తే అదృష్టమే. చిక్కల్లా గడువుతోనే. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోవడానికి మూడు రోజులో, మహా అయితే వారమో ఇస్తారు. ఆ కాస్త సమయంలో ఇంట్లోవాళ్ళు ప్యాకేజీ ఎంతని అడుగుతారు, స్నేహితులు కంపెనీ పేరేమిటని అడుగుతారు, కన్సల్టెన్సీ నుంచి ఫోను మీద ఫోను వస్తుంది. చేరాక తేడా వస్తే ఏం చేస్తావని అడిగేవాళ్ళు మాత్రం అరుదు.

మొదటి రెండు మూడేళ్ళలో ఉద్యోగం మారడం మామూలు విషయం. పని నచ్చకపోవచ్చు, ప్రాజెక్టు ఆగిపోవచ్చు, కంపెనీయే మూతపడొచ్చు. కాబట్టి రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతిస్తారన్నది మొదటిది. రేపు బయటికి రావాల్సివస్తే మన చేతిలో ఏం మిగులుతుందన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఆఫర్ లెటర్ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండోదానికి జవాబు కోసం చివరి పేజీలు చదవాలి. కింది జాగ్రత్తల్లో చాలావరకు ఆ చివరి పేజీల గురించే.

1. ముందు రెండూ నిజమైన ఆఫర్లేనా?

*చేయవలసినవి*

- ఆఫర్ వచ్చిన ఈమెయిల్ చిరునామా కంపెనీ అసలు వెబ్‌సైట్ పేరుతో అక్షరం అక్షరం సరిపోతుందో లేదో చూడండి. మోసగాళ్ళు పెద్ద కంపెనీ పేరుకు ‘కెరీర్స్’ అనో ‘జాబ్స్’ అనో తోక తగిలించి మెయిల్ పంపుతారు. అనుమానముంటే ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు చేయండి.
- కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు వెతకండి. ఎప్పుడు రిజిస్టరయింది, చిరునామా ఏది, చివరిసారి లెక్కలు ఎప్పుడు దాఖలు చేసింది అన్నవి కనిపిస్తాయి. పదేళ్ళ అనుభవం ఉందని గొప్పలు చెప్పే కంపెనీ నిరుడే రిజిస్టరై ఉంటే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది.
- ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) వెబ్‌సైట్‌లో సంస్థల వివరాలు వెతికే సదుపాయం ఉంది. ఏ నెలలో ఎంతమంది ఉద్యోగులకు పీఎఫ్ కట్టారో అందులో కనిపిస్తుంది. చిన్న కంపెనీల విషయంలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. మా దగ్గర రెండొందల మంది పనిచేస్తున్నారని చెప్పినవాళ్ళు పన్నెండు మందికే పీఎఫ్ కడుతుంటే, మిగతావాళ్ళు ఎవరి పేరోల్ మీద ఉన్నారో అడగాలి. నెలనెలా ఆ సంఖ్య తగ్గిపోతుంటే అడగాల్సింది ఇంకా ఎక్కువే.
- చేతికొచ్చిన కాగితం ఏమిటో గుర్తించండి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే ఉద్యోగం ఇవ్వాలనుకుంటున్నామని చెప్పడం. జీతం, హోదా, చేరే తేదీ ఉన్నది ఆఫర్ లెటర్. అన్ని షరతులూ ఉన్నది నియామక పత్రం. మొదటిది పట్టుకుని మూడోది చేతికొచ్చినంత సంబరపడకండి.

*చేయకూడనివి*

- ఉద్యోగం కోసం ఒక్క రూపాయి కూడా కట్టకండి. శిక్షణ ఫీజు, రిఫండబుల్ డిపాజిట్, లాప్‌టాప్ అడ్వాన్సు, వెరిఫికేషన్ చార్జీ అంటూ పేర్లు మారతాయి గాని మోసం ఒకటే. హైదరాబాద్ మాదాపూర్ చుట్టుపక్కల ఇలా ఫ్రెషర్ల దగ్గర డబ్బు వసూలు చేసి, రెండు మూడు నెలలు ఉత్తుత్తి శిక్షణ ఇచ్చి, బోర్డు తిప్పేసిన సంస్థల మీద పోలీసు కేసులు ఎన్నో ఉన్నాయి.
- ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాల జోలికి పోకండి. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి, ప్రాక్సీ ఇంటర్వ్యూతో ఉద్యోగం సంపాదించినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నుంచి ఎల్లకాలం తప్పించుకోలేరు. పనిచేశానని చెప్పిన కాలానికి పీఎఫ్ చరిత్ర లేకపోతే ప్రశ్న అక్కడే మొదలవుతుంది.
- చేరే తేదీ రాయని కాగితాన్ని నమ్ముకుని, తేదీ ఉన్న ఆఫర్‌ను వదులుకోకండి. 2022లో పెద్ద ఐటీ కంపెనీల ఆఫర్లు అందుకున్న కొందరు ఫ్రెషర్లు చేరడానికి రెండేళ్ళ దాకా ఎదురుచూశారు. పెద్ద పేరున్న కంపెనీ కూడా తేదీ వాయిదా వేస్తుంది.
- ఆఫర్ పేరుతో ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

2. ప్యాకేజీని నెల జీతంగా మార్చి చూడండి

సీటీసీ అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే ఖర్చు. అందులో మన చేతికొచ్చేది కొంత, ఎప్పుడో వచ్చేది కొంత, వస్తుందో రాదో తెలియనిది కొంత. లెక్క కోసం రెండు ఆఫర్లు ఊహించుకుందాం.

*మొదటి ఆఫర్: సీటీసీ 9,00,000*
- పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే: 1,20,000
- జాయినింగ్ బోనస్, ఒక్కసారే: 1,00,000
- కంపెనీ కట్టే పీఎఫ్: 21,600
- గ్రాట్యుటీ: 16,000
- బీమా ప్రీమియం: 14,400
- మిగిలిన స్థిర జీతం: 6,28,000. అంటే నెలకు 52,333

*రెండో ఆఫర్: సీటీసీ 7,20,000*
- వేరియబుల్ లేదు, జాయినింగ్ బోనస్ లేదు
- కంపెనీ కట్టే పీఎఫ్: 21,600
- గ్రాట్యుటీ: 16,400
- బీమా ప్రీమియం: 10,000
- మిగిలిన స్థిర జీతం: 6,72,000. అంటే నెలకు 56,000

రెండింటిలోనూ నెలకు ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి జీతం మీద బతికేవాళ్ళకు ఏడాదికి 12.75 లక్షల దాకా ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఇక్కడ ఆ కోత లేదు. తేలిందేమిటంటే, తొమ్మిది లక్షల ఆఫర్‌లో నెలకు 50,333, ఏడు లక్షల ఇరవై వేల ఆఫర్‌లో నెలకు 54,000. పెళ్ళిచూపుల్లో మొదటిది గొప్ప, అద్దె కట్టే రోజున రెండోది గొప్ప.

*చేయవలసినవి*

- జీతం విడగొట్టిన పట్టిక రెండు కంపెనీల నుంచీ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగితే దాన్ని ఒక హెచ్చరికగానే తీసుకోవాలి.
- వేరియబుల్ పే గురించి మూడు ప్రశ్నలు అడగండి. నెలనెలా ఇస్తారా, మూడు నెలలకా, ఏడాదికా? గత రెండేళ్ళలో నా స్థాయి ఉద్యోగులకు ఎంత శాతం ఇచ్చారు? ఇచ్చే తేదీకి ముందే రాజీనామా చేస్తే ఏమవుతుంది?
- పీఎఫ్ దేనిమీద లెక్కిస్తారో చూడండి. కొన్ని కంపెనీలు చట్టం చెప్పిన 15,000 పరిమితి మీద 12 శాతం, అంటే 1,800 కడతాయి. కొన్ని మొత్తం బేసిక్ మీద కడతాయి. రెండో పద్ధతిలో నెల చేతికొచ్చేది తగ్గుతుంది గాని పొదుపు పెరుగుతుంది. పీఎఫ్ మీద 2024-25కు ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. కాబట్టి చేతికొచ్చేది తగ్గిందని తొందరపడి ఆ ఆఫర్‌ను తీసిపారేయకండి.
- బీమాలో తల్లిదండ్రులకు కవరేజీ ఉందో లేదో అడగండి. అరవై దాటిన అమ్మానాన్నలకు విడిగా పాలసీ తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కుని పోల్చండి. ఆ ఒక్క సదుపాయం ఏడాదికి వేల రూపాయల తేడా తెస్తుంది.
- ఉద్యోగం ఉన్న ఊరి ఖర్చు కలపండి. సొంతూరి నుంచో, నగరంలోనే బంధువుల ఇంటి నుంచో వెళ్ళి వచ్చే వీలుంటే హాస్టల్ ఖర్చు ఆదా. బెంగళూరులో ఇల్లు తీసుకుంటే కొన్ని నెలల అద్దె ఒకేసారి అడ్వాన్సుగా కట్టాలి. మొదటి జీతం రాకముందే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూసుకోండి.

*చేయకూడనివి*

- జాయినింగ్ బోనస్‌ను జీతంలో కలిపి లెక్కించకండి. ఏడాదో, రెండేళ్ళో నిండకముందే మానేస్తే తిరిగి కట్టాలని షరతు ఉంటుంది. పన్ను, కోతలు పోగా చేతికొచ్చిన దాన్ని కాకుండా మొత్తం కట్టమంటారా అన్నది కూడా చదవండి. ఆ గడువు దాటేదాకా ఆ సొమ్ము ముట్టకుండా ఉంచడం మేలు.
- గ్రాట్యుటీని మీ సొమ్మనుకోకండి. శాశ్వత ఉద్యోగికి అది సాధారణంగా ఐదేళ్ళ సర్వీసు తర్వాతే దక్కుతుంది. మూడేళ్ళకు మారేవాళ్ళకు పట్టికలో ఉన్న ఆ అంకె అలంకారమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకైతే ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. మీ నియామకం ఏ రకమో కాగితంలో చూడండి.
- స్టార్టప్ ఇచ్చే ఈసాప్‌లను (ఉద్యోగులకిచ్చే షేర్ల హక్కులను) రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి. చట్టప్రకారమే మొదటి విడత రావడానికి కనీసం ఏడాది పడుతుంది. మొత్తం రావడానికి నాలుగేళ్ళు పట్టడం మామూలు. స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ షేరును కొనేవాడు దొరికితేనే అది డబ్బు. ఆ ఆఫర్‌లో ఈసాప్ విలువను సున్నా అనుకుని మిగతాది చూడండి. అప్పటికీ నచ్చితే చేరండి.

3. బాండ్, నోటీసు పీరియడ్, సర్టిఫికెట్లు

మొదటి ఉద్యోగంలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. చేరే ఉత్సాహంలో సంతకం పెట్టిన కాగితం ఏడాది తర్వాత ఇంకో అవకాశం వచ్చినప్పుడు అడ్డం తిరుగుతుంది.

*చేయవలసినవి*

- బాండ్ ఉంటే నాలుగు సంగతులు రాసుకోండి. ఎన్ని నెలలు, ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి లెక్క, మానేసేనాటికి గడిచిన నెలలను బట్టి మొత్తం తగ్గుతుందా లేదా. ఇరవై నాలుగు నెలల బాండ్‌లో ఇరవై మూడో నెలలో మానేసినా మొత్తం కట్టాలంటే అది కఠినమైన షరతు. నెలనెలా తగ్గేదైతే భరించవచ్చు.
- శిక్షణ కాలం బాండ్‌లో కలుస్తుందా అని అడగండి. ఆరు నెలల శిక్షణ తర్వాత రెండేళ్ళు మొదలైతే అది రెండున్నరేళ్ళ బాండ్.
- నోటీసు పీరియడ్ రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. మీరు మానేస్తే తొంభై రోజులు, వాళ్ళు తీసేస్తే పదిహేను రోజులు అని రాసి ఉంటే ఆ కంపెనీ ఎటు మొగ్గిందో తెలిసినట్లే. ప్రొబేషన్‌లో నోటీసు ఎంతో విడిగా చూడండి.
- నోటీసుకు బదులు డబ్బు కట్టి త్వరగా వెళ్ళే వీలుందా అని అడగండి. తొంభై రోజులు ఆగలేక కొత్త కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకోవడం మన దగ్గర తరచూ జరిగేదే.
- మానేసినప్పుడు రావలసిన వేతనం, రిలీవింగ్ లెటర్ ఎన్ని రోజుల్లో ఇస్తారో చదవండి. కొత్త వేతనాల స్మృతి రాజీనామా చేసినవారికి వేతన బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలంటోంది. కంపెనీ కాగితంలో నలభై ఐదు రోజులని ఉంటే, ఆ తేడా గురించి హెచ్‌ఆర్‌ను మర్యాదగా అడగవచ్చు.

*చేయకూడనివి*

- ‘బాండ్లు కోర్టులో నిలబడవులే’ అన్న మాట నమ్మి సంతకం పెట్టకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ జీవనోపాధిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది. నిజమే. అయితే ఉద్యోగంలో ఉండగా ఇంతకాలం పనిచేస్తానని ఇచ్చిన మాట వేరు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్ళకు ముందే మానేసిన అధికారి రెండు లక్షలు చెల్లించాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. అలాగని ఎంత రాస్తే అంత కట్టాల్సిందేనని కాదు. నష్టపరిహారం సమంజసంగా ఉండాలని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది. ఈ వాదనలన్నీ లాయరు ఫీజుతో మొదలవుతాయి కాబట్టి, కట్టలేని మొత్తం ఉన్న బాండ్‌పై సంతకం పెట్టకపోవడమే తేలిక.
- ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీలో వదలకండి. చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ అదేరోజు వెనక్కి తెచ్చుకోండి. పదో తరగతి మెమో నుంచి బీటెక్ పట్టా దాకా వాళ్ళ బీరువాలో ఉంటే వేరే బాండ్ అక్కర్లేదు. ఎంటెక్‌లో చేరాలన్నా, వేరే ఉద్యోగానికి వెళ్ళాలన్నా వాళ్ళ గుమ్మం ముందు నిలబడాలి.
- ఖాళీ చెక్కు ఇవ్వకండి. సంతకం చేసిన చెక్కులో వాళ్ళు అంకె నింపి బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, 1881 నాటి చట్టం కింద క్రిమినల్ కేసు దాకా పోతుంది.
- నాన్ననో, మావయ్యనో హామీదారుగా సంతకం పెట్టమంటే కాగితం చదవకుండా పెట్టించకండి. మీ ఉద్యోగం గొడవ వాళ్ళ పొలం మీదికో, పింఛను మీదికో రాకూడదు.

4. అసలు చేయాల్సిన పనేమిటి?

*చేయవలసినవి*

- ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అన్న హోదాతో సరిపెట్టుకోకండి. డెవలప్‌మెంటా, టెస్టింగా, సపోర్టా? ఏ టెక్నాలజీ? ఏ షిఫ్టు? ప్రాజెక్టు ఇప్పటికే ఉందా, చేరాక బెంచ్ మీద ఉంచి వెతుకుతారా? బెంచ్ మీద ఎన్నాళ్ళు ఉంచుతారు?
- మేనేజరు కాబోయే మనిషితో పదిహేను నిమిషాలు మాట్లాడే వీలు కల్పించమని అడగండి. ‘నేను చేరిన మొదటి మూడు నెలల్లో ఏం పని ఇస్తారండీ’ అని నేరుగా అడగండి. స్పష్టంగా చెప్పగలిగిన మేనేజరు దగ్గర పని నేర్చుకోవచ్చు.
- మీ కాలేజీ నుంచే ఆ కంపెనీలో చేరిన సీనియర్లను ఇద్దరిని పట్టుకోండి. ఒకరు అక్కడే ఉన్నవారు, ఒకరు మానేసినవారు. ‘అన్నా, మీ టీమ్‌లో కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు? రాత్రి పూట కాల్స్ ఎన్ని? జీతం ఒకటో తారీఖున పడుతుందా?’ ఇలాంటి ప్రశ్నలకు హెచ్‌ఆర్ కంటే వీళ్ళ జవాబులే అక్కరకొస్తాయి.
- అమ్మాయిలు రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఇస్తారా అని అడగాలి. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

*చేయకూడనివి*

- కంపెనీ పేరు పెద్దదన్న ఒక్క కారణంతో, మూడేళ్ళ తర్వాత ఎక్కడా పనికిరాని పనిలో చేరకండి. పేరు మొదటి ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. లోపల అడిగేది ఏం చేశావనే.
- వెబ్‌సైట్లలో ఒక కోపిష్టి రాసిన ఒక్క రివ్యూ చదివి ఆఫర్ వదులుకోకండి. ఒకే ఫిర్యాదు ఏడాది పొడవునా వేర్వేరు మనుషులు రాస్తుంటే మాత్రం నమ్మండి.

5. ప్లాంటు, సైటు ఉద్యోగమైతే

కెమికల్, మెకానికల్, సివిల్ చదివినవాళ్ళకు ఒక చేతిలో కోర్ ఆఫర్, ఇంకో చేతిలో సాఫ్ట్‌వేర్ ఆఫర్ ఉండటం మామూలు. చదివిన చదువుకు తగ్గ పని అన్న తృప్తి కోర్‌లో ఉంది. అక్కడ జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది కూడా. అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా పరిశ్రమలో 2024 ఆగస్టు 21న జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు 40 మందికి పైగా బలి తీసుకుంది. పరవాడ, పైడిభీమవరం, జీడిమెట్ల, పాశమైలారం, ఎక్కడ చేరుతున్నా అడగవలసినవి అడగాలి.

*చేయవలసినవి*

- చేరేముందు ఒకసారి ప్లాంటు చూస్తానని అడగండి. గేటు దగ్గరే చాలా తెలుస్తుంది. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ హెల్మెట్, అద్దాలు, షూ ఇస్తున్నారా? ప్రమాదమైతే అందరూ చేరాల్సిన చోటుకు దారి చూపే బోర్డులు ఉన్నాయా? అత్యవసర ద్వారాలకు అడ్డంగా డ్రమ్ములు పెట్టారా?
- వెల్డింగ్ లాంటి వేడిపనికి, ట్యాంకుల్లోకి దిగడానికి పర్మిట్ పద్ధతి ఉందా, దానిమీద ఎవరు సంతకం పెడతారు, చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగింది అని అడగండి. వెంటనే జవాబొస్తే పద్ధతి నడుస్తున్నట్టే. ముఖాలు చూసుకుంటే అర్థం చేసుకోండి.
- కంపెనీ రోల్స్ మీద తీసుకుంటున్నారా, కాంట్రాక్టరు ద్వారానా అన్నది కాగితంలో చూడండి. ప్రమాద బీమా ఎవరి పేరుతో, ఎంత మొత్తానికి ఉందో అడగండి.
- షిఫ్టు బస్సు ఉందా, ఎ, బి, సి షిఫ్టులు ఎన్ని రోజులకొకసారి మారతాయి, ఓవర్‌టైముకు డబ్బిస్తారా అన్నవి తెలుసుకోండి. సివిల్ సైటు అయితే వసతి, సెలవులు, ఇంటికి వెళ్ళిరావడానికి చార్జీలు కూడా అడగండి.

*చేయకూడనివి*

- శిక్షణ పూర్తికాకుండా రాత్రి షిఫ్టులో రియాక్టరు బాధ్యత ఒంటరిగా తీసుకోకండి. ‘కొత్తవాణ్ణి కదా, కాదంటే బాగుండదు’ అనే మొహమాటం అక్కడ పనికిరాదు.
- ప్రమాద భత్యం ఎక్కువ ఇస్తున్నారని భద్రత విషయం వదిలేయకండి.

6. దేశం దాటే ఆఫర్ అయితే

*చేయవలసినవి*

- ఏజెంటు ద్వారా వచ్చిన ఆఫర్ అయితే, అతనికి లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ మాత్రమే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే. వాటినీ సంప్రదించండి.
- అమెరికాలో చదువు ముగించి ఓపీటీ (చదువయ్యాక పనిచేయడానికిచ్చే తాత్కాలిక అనుమతి) మీద ఉన్నవాళ్ళు రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉందో లేదో ముందు చూడాలి. స్టెమ్ పొడిగింపుకు అది తప్పనిసరి. మామూలు ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే కాబట్టి, చేరే తేదీని పదే పదే జరిపే కంపెనీతో ప్రమాదం రెట్టింపు.

*చేయకూడనివి*

- టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ వర్క్ వీసాగా మార్చుకోవచ్చన్న మాట నమ్మకండి. డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలని చెప్పి కంబోడియా, మయన్మార్‌లకు తీసుకెళ్ళి, సైబర్ మోసాలు చేయించిన ముఠాల వలలో మన రాష్ట్రాల కుర్రాళ్ళూ పడ్డారు. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు అలాంటిదే. ఐటీ తెలిసిన యువతే లక్ష్యమని కేంద్రం 2022లోనే హెచ్చరించింది.
- పాస్‌పోర్టు ఎవరి చేతుల్లోనూ వదలకండి.

7. రెండు కంపెనీలతో మాట్లాడే పద్ధతి

*చేయవలసినవి*

- గడువు చాలకపోతే అడగండి. ‘ఆఫర్‌కు కృతజ్ఞతలండీ. షరతులు పూర్తిగా చదివి శుక్రవారం సాయంత్రంలోగా జవాబిస్తాను’ అని మెయిల్ రాస్తే కాదనేవాళ్ళు తక్కువ. ఇంకా ముఖ్యం, శుక్రవారం సాయంత్రంలోగా నిజంగానే జవాబివ్వాలి.
- ఫోన్‌లో ఒప్పుకున్న ప్రతి మాటా మెయిల్‌లో రప్పించుకోండి. ఆరు నెలలకు జీతం సవరిస్తాం, హైదరాబాద్‌లోనే పోస్టింగ్ ఇస్తాం అన్న హామీలు, చెప్పిన హెచ్‌ఆర్ మారిపోతే గాలికి పోతాయి.
- వద్దనుకున్న కంపెనీకి రెండు వాక్యాల్లో మర్యాదగా చెప్పండి. మన ఇంజినీరింగ్ లోకం చిన్నది. ఇవాళ మీరు వద్దన్న రిక్రూటరు మూడేళ్ళకు ఇంకో కంపెనీలో ఎదురవుతారు.

*చేయకూడనివి*

- రెండు ఆఫర్లనూ ఒప్పుకుని చేరే రోజున ఒకదానికి మొహం చాటేయకండి. క్యాంపస్ ద్వారా వచ్చినదైతే మీ తర్వాతి బ్యాచ్ నష్టపోతుంది.
- లేని ఆఫర్‌ను ఉందని చెప్పి, ఉన్న అంకెను పెంచి చెప్పి బేరమాడకండి. లెటర్ చూపించమంటే పరువు పోతుంది, ఒక్కోసారి చేతిలో ఉన్నదీ పోతుంది.
- ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే, కొత్త నియామక పత్రం చేతికి రాకుండా రాజీనామా పెట్టకండి. రెండు చోట్లా కొంతకాలం నడిపిద్దామన్న ఆలోచనా వద్దు. ఒకే నెలకు రెండు కంపెనీల పీఎఫ్ ఒకే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) కింద కనిపిస్తుంది.

8. ఇంట్లోవాళ్ళతో

*చేయవలసినవి:* అమ్మానాన్నలకు సీటీసీ చెప్పకండి, నెలకు చేతికొచ్చేది చెప్పండి. చదువు అప్పు ఉంటే కిస్తీ ఎంత, ఎప్పటినుంచి కట్టాలో ముందే కూర్చుని లెక్క వేసుకోండి. నిజంగా ఇంటి అవసరం పెద్దదైతే, ఈ రెండేళ్ళు జీతమే ముఖ్యమని ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

*చేయకూడనివి:* బాబాయి కొడుకు ప్యాకేజీతో పోల్చుకుని నిర్ణయం తీసుకోకండి. ఆఫర్ వచ్చిందని చేరకముందే బైకుకో, ఫోనుకో ఈఎంఐ పెట్టకండి. ఈఎంఐలు మీద పడ్డవాడు నచ్చని ఉద్యోగం మానలేడు.

9. సంతకానికి ముందు

ఒక కాగితం మధ్యలో గీత గీసి రెండు ఆఫర్లకూ ఈ ఆరు వరుసలు నింపండి: నెలకు చేతికొచ్చేది, బాండ్ మొత్తం, నోటీసు రోజులు, మొదటి ఆరు నెలల పని, పైన ఉండే మనిషి, చేరే తేదీ. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ ప్రశ్న ఇంకా అడగలేదన్నమాట.

నెల చేతికొచ్చేదాంట్లో తేడా ఐదు వేల లోపుంటే పనిని చూసి ఎంచుకోండి. తేడా బాగా ఎక్కువున్నా, ఎక్కువిచ్చే చోట బాండ్ మొత్తం మీ ఆరు నెలల పొదుపును దాటుతుంటే ఇంకో రోజు ఆలోచించండి. ఒక ఆఫర్‌లో ఒరిజినల్స్ అడిగినా, డబ్బు కట్టమన్నా పోలిక అక్కడితో ఆపేయండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక్క ఆఫరే.

చేరాక మొదటి వారంలోనే నియామక పత్రం, జీతం పట్టిక, బాండ్, బీమా కార్డు స్కాన్ చేసి సొంత ఈమెయిల్‌కు పంపుకోండి. కంపెనీ లాప్‌టాప్‌లో ఉంచితే మానేసిన రోజున అవీ పోతాయి. మొదటి జీతం పడ్డాక పేస్లిప్‌ను పట్టికతో పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ నెలలోనే అడగండి. ఇక వదులుకున్న రెండో కంపెనీలో ఎవరికెంత పెరిగిందో ప్రతి నెలా ఆరా తీయకండి. ఆ సమయంలో చేతిలో ఉన్న పని నేర్చుకుంటే, రెండేళ్ళకు మళ్ళీ రెండు ఆఫర్లు వస్తాయి. అప్పుడు షరతులు పెట్టే వంతు మీది.